కాగితం మీద పెళ్ళాం

బుధవారం ఉదయం ఏడూ నలభైకి నల్లమాడ దాటి రెండు మైళ్ళ అవతల జీపు దిగేసరికి నా చేతిలో ఎనిమిది గంటలు కూడా మిగల్లేదు.

కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ గురు, శుక్రవారాలు సెలవు. కాగితాలు లేనివాళ్ళను జైల్లో వేయకుండా ఇళ్ళకు పంపేస్తామని అక్కడి సర్కారు ఇచ్చిన గడువు ఆ శుక్రవారంతో సరి. కాబట్టి భారతి అనే మనిషి ఎవరో రుజువు చేసే కాగితం ఈ రోజు వాళ్ళ ఒంటిగంటలోపు, అంటే మన మూడున్నరలోపు, ఫ్యాక్సులో అక్కడి మన ఎంబసీకి చేరాలి. చేరితే ఆమెకు ఔట్‌పాస్ ఇస్తారు. పాస్‌పోర్టు లేనివాళ్ళు ఒక్కసారి స్వదేశానికి రావడానికి పనికొచ్చే ఒంటి కాగితం అది. దాని ఫీజు నామమాత్రమే. కానీ అది రాకపోతే ఆమె జైలుకైనా పోవాలి, పాస్‌పోర్టు లాక్కుని ఇస్త్రీపెట్టెతో వీపు కాల్చిన యజమాని ఇంటికైనా తిరిగి పోవాలి. ఆ ఇంటికంటే జైలే మేలని ఆమె ఫోన్లో ఏడ్చిందట.

ఈ సంగతులన్నీ ముందురోజు నా ఆఫీసుకొచ్చి చెప్పినవాడు ఆమె భర్త కుళ్లాయప్ప. అనంతపురం కలెక్టరాఫీసు ఎదురుగా జెరాక్సు షాపు మేడమీద 'డిటెక్టివ్ దివాకర్' అని బోర్డు ఉంటుంది చూడండి, అదే నా ఆఫీసు. పెళ్ళి సంబంధాల విచారణలతో రోజులు నెట్టుకొస్తున్నాను. జాలిపడి ఈ కేసు ఒప్పుకున్నానని చెబితే కళ్ళు పోతాయి. "ఔట్‌పాస్ ఆపినోళ్ళు ఈడి పోలీసోళ్ళే అన్నా. ఆ మనిషి ఊర్లోనే ఉండాదని రాసి పంపినారంట. రాసింది ఎస్సై వెంకటేశులు" అని కుళ్లాయప్ప అన్నాడు. ఆ పేరు వినగానే ఒప్పుకున్నాను.

వెంకటేశులూ నేనూ ఒకే రోజు పోలీసుల్లో చేరాం, ఒకే గదిలో అద్దెకున్నాం, పాస్‌పోర్టుల విచారణకు ఒకే సైకిల్ మీద తిరిగాం. నేను కానిస్టేబుల్‌గానే రాజీనామా చేశాను. వాడి భుజాల మీద నక్షత్రాలు మొలిచాయి. నేను నిలబడి టీ తాగే అంగట్లోనే వాడికి కుర్చీ తుడిచి వేస్తారు. నాలుగేళ్ళుగా కడుపులో రగులుతున్న ఆ మంటకు కుళ్లాయప్ప తెచ్చిన కేసు నెయ్యి పోసింది. బల్ల ముందునుంచి కదలకుండా విచారణ రాసుంటాడు, దొరికాడు అనుకున్నాను.

అన్నదమ్ముల ఇల్లు ఒకటే, మధ్యలో గోడ కట్టి రెండు వాకిళ్ళు చేసుకున్నారు. కుడివైపు కుళ్లాయప్ప. ఎడమవైపు అన్న జయరాం, అతని భార్య జయంతి. జయంతి వాకిట్లో కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు వొలుస్తోంది. ముప్పై ఆరేళ్ళుంటాయి. నన్ను చూసి తల తిప్పుకుందిగానీ చేతులు ఆపలేదు.

"మీ ఆయన లేడా అమ్మా?"

"బోరు లారీ ఎంబడి దావణగెరె పోయినాడు. నెల దాటె."

దండెం మీద బోరు బురద గట్టిపడిన ఖాకీ చొక్కా వేలాడుతోంది. గోడవార బూట్లూ, ఇనుప టోపీ ఉన్నాయి. చూశాను, నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. ఆలోచించలేదు. నా బుర్ర అప్పటికే అనంతపురం చేరుకుని వెంకటేశులు కాలరు పట్టుకుంది.

కుళ్లాయప్ప ఇంట్లో భారతి ట్రంకుపెట్టె తెరిపించాను. రెండు చీరలు, పెళ్ళి ఫోటో, రబ్బరుబ్యాండు వేసిన కువైట్ ఉత్తరాలు. ఎనిమిదీ ఐదుకల్లా మొదటి చిక్కు దొరికింది. ప్రతి కవరు వెనకా పంపినవారి పేరు జయంతి.

"నీ భార్య పేరేంది కుళ్లాయప్పా?"

"భారతి అన్నా."

"మరి జయంతి ఎవరు?"

అతను చూరు వైపు చూశాడు. పెట్టె అడుగున పరిచిన కాగితం ఎత్తితే ఇంకో కాగితం. పాస్‌పోర్టు జెరాక్సు. ఫోటో పెళ్ళి ఫోటోలో ఉన్న పిల్లదే. పేరు జయంతి. వయసు భారతి కంటే ఏడేళ్ళు ఎక్కువ. భర్త పేరు జయరాం.

"నిన్న నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు గూడా కేసంటావని భయపడినా అన్నా. ఇంటిపనికి పోయే ఆడోళ్ళకు ముప్పై నిండల్లంట. ఆయమ్మకు అప్పుడు ఇరవై నాలుగే. ఏజెంటు చెప్పినాడు, మా అన్న సరే అన్నాడు, నేనూ తలకాయ ఊపినా. పేరేముందిలే, మనిషి పోయి మనిషి వస్తే చాలనుకొంటిమి."

"మనిషి పోయింది నిజమే. పేరు మాత్రం ఈడనే కాయలు వొలుస్తాంది."

గోడ అవతల కాయలు వొలిచే చప్పుడు ఆగిపోయింది. జయంతి వచ్చి గడపలో నిలబడింది. ఆమెను ప్రశ్నించాల్సిన పని పడలేదు. ఐదేళ్ళుగా ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నట్టుంది.

"నేను పోవాల్సిన దేశం సార్ అది! ఏజెంటు ముందు నన్నే పిలిచినాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ ఉండాదన్నారు. మనిషి పనికిరాదంట, పేరు మాత్రం పనికొచ్చిందంట. ఆయమ్మ నా పేరు కట్టుకొని ఏరోప్లేన్ ఎక్కింది. మచ్చ మానిపోయినాక నాకూ పాస్‌పోర్టు కావల్లని రెండు తూర్లు ఫీజు కట్టినా. రెండు తూర్లూ 'నీకు ముందే ఒకటి ఉండాది గదమ్మా' అని తిప్పి పంపించినారు. యాడుంది సార్ నాకు? ఆడ ఉండాది, దాని చేతిలో."

"వదినా..." అని కుళ్లాయప్ప అనబోయాడు.

"నువ్వు ఊరుకో మరిదీ. సర్కారు కాగితంలో జయరాం భార్య ఎవరు? నేనా, నీ పెళ్ళామా? ఆయమ్మ రాసే ఉత్తరాలు నీకు సదివిపెట్టి, ఒకటీ అరా మా ఆయప్ప మడిచి జేబులో పెట్టుకుంటాంటే నా కడుపు ఎట్ల కాలుతుందో నీకేం తెలుసు?"

ఆ కడుపుమంట ఎలాంటిదో నాకు తెలుసు. అందుకే ఆమె మీద అనుమానమూ గట్టిపడింది. ఔట్‌పాస్ ఆపించడానికి ఈమెకున్నంత కారణం ఇంకెవరికుంది?

"ఎస్సైకి ఏం చెప్పినావు?"

"జయంతి ఎవరని అడిగె. నేనే అన్నా. అబద్ధమా? వేలిముద్ర వేయమంటే వేస్తిని. ఇంగ ఆయమ్మ గతి ఏమైతాదో నాకు తట్టలేదు సార్. తట్టినా చెప్పుంటానో లేదో."

"అంటే ఎస్సై ఈడికి వచ్చినాడా?"

"ఈడనే, ఈ అరుగు మీదనే కూర్చోనె. పోయిన నెల పదకొండో తేదీ."

నా గుండెల్లో రాయి పడింది. భారతి కోసం కాదు. వెంకటేశులు తప్పు చేయలేదే అని.

పెళ్ళి ఫోటో, పాస్‌పోర్టు జెరాక్సు, రేషన్ కార్డు సంచిలో వేయించి ఇద్దరినీ జీపెక్కించాను. రాప్తాడు దగ్గర టైరు పంచరై ఇరవై నిమిషాలు పోయాయి. పదకొండూ యాభైకి అనంతపురంలో వెంకటేశులు గదిలో అడుగుపెట్టాను. వాడు లేచి మరీ కుర్చీ చూపించాడు. ఆ మర్యాద చూస్తే ఇంకా మండింది.

"ఏమప్పా దివాకర్, ఇట్ల వచ్చినావు?"

"నీ రిపోర్టు ఒక ఆడమనిషిని జైలుకు పంపిస్తాంది ఎస్సైగారూ. కువైట్‌లో ఉన్న మనిషి మోసగత్తె అని రాస్తివి. ఎవరో కనుక్కోవాలని తోచలేదా?"

"నన్నడిగింది జయంతి ఊర్లో ఉందా లేదా అని. ఉంది. పోయినా, చూసినా, మాట్లాడినా." వాడు ఫైలు తెరిచి వేలిముద్ర వేసిన వాంగ్మూలం చూపించాడు. తేదీ, టైము, ఇద్దరు ఇరుగుపొరుగు సాక్షులు. వంక పెట్టడానికి వీల్లేని విచారణ.

"పక్క వాకిట్లో పెళ్ళాం కనపడని మొగుడున్నాడు. వాణ్ణి ఒక్క మాట అడిగుంటే ఈ కథంతా బయటపడేది."

"కథ ఇప్పుడు పుట్టింది కాదప్పా. దొంగపేరు మీద పాస్‌పోర్టు ఎట్ల పుట్టిందో తెలుసుకుందామని పాత ఫైలు తెప్పించినా. చూస్తావా?" వెంకటేశులు గొంతులో వెటకారం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

1999 నాటి విచారణ కాగితం. భారతి ఫోటో, జయంతి పేరు. కింద ఒక వాక్యం: 'స్వయంగా గ్రామానికి వెళ్ళి దరఖాస్తుదారును చూసి విచారించితిని.' దాని కింద సంతకం నాది.

ఆ రోజు నాకు గుర్తుంది. కదిరి బస్టాండు దగ్గర హోటల్లో ఏజెంటు దోసె తినిపించి పదకొండు ఫారాలు ముందు పెట్టాడు. ఎండకు జడిసి పదకొండు ఊళ్ళనూ ఆ బల్ల మీదే తిరిగొచ్చాను. అప్పట్లో అందరం చేసే పనే అది. వెంకటేశులు మాత్రం సైకిల్ మీద పోయి వడదెబ్బ తగిలి పడిపోయాడు. వాణ్ణి చూసి నవ్వుకున్నాం కూడా.

"ఈ కాగితం పైవాళ్ళకు పంపలేదు. పంపితే నీ బోర్డు ఉండదు" అన్నాడు వెంకటేశులు.

వాడు నన్ను కాపాడుతున్నాడు. ఇంతకన్నా ఆ ఫైలు తీసి నా మొహాన కొట్టినా బాగుండేది. గోడ దగ్గర నిలబడిన కుళ్లాయప్ప చదువురాని కళ్ళతో మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. అతని భార్య ఈ గతికి రావడానికి మొదటి సంతకం నేనే పెట్టానని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

పౌరుషం చావక ఆఖరి రాయి విసిరాను. "ఎంక్వయిరీ అడిగితే నెలల తరబడి నానబెట్టే రోజుల్లో నువ్వు రెండో రోజే పరుగెత్తినావే. ఎందుకు?"

"ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది." ఫైలు వెనక నుంచి తీశాడు. కుదురైన దస్తూరి. 'జయంతి పేరుతో కువైట్‌లో ఉన్న స్త్రీ నకిలీ. అసలు జయంతి ఊరిలోనే కలదు. ఔట్‌పాస్ ఇవ్వరాదు.'

నేను జయంతి వైపు తిరిగాను. ఆమె వాంగ్మూలం కింద ఉన్నది వేలిముద్ర. సంతకం రాని మనిషి ఇంత కుదురుగా ఉత్తరం రాయదు.

"కవరు ఏది?"

"కవరు ఎవరు చూస్తారప్పా?"

"నేను చూస్తా."

గుండుసూది కింద మడతపడి ఉంది. దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకున్నాను. తపాలా ముద్ర సగమే పడింది, ఆ సగం చాలు. ముంబై. పోయిన నెల ఆరో తేదీ.

"నల్లమాడ పక్క పల్లె సంగతి ముంబైలో ఎవడికి తెలుసు ఎస్సైగారూ? ఊరంతా విచారించినావు. ఉత్తరం యాడినుంచి వచ్చిందో మాత్రం చూళ్ళేదు."

వాడి మొహం నల్లబడింది. నాలుగేళ్ళుగా ఆ రంగు చూడాలని కలలు కన్నాను. తీరా చూశాక సంతోషం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది.

"కొట్లాట తర్వాత పెట్టుకుందాం. దారి చెప్పు" అన్నాను.

"అసలు జయంతి తన పేరును వేరొకరు వాడుకున్నారని ఒప్పుకోవల్ల. ఆ ఫోటో తన భార్యదని కుళ్లాయప్ప రాసివ్వల్ల. రేషన్ కార్డు, పెళ్ళి ఫోటో జత చేస్తే నేను కొత్త రిపోర్టు ఇస్తా. భారతి పేరు మీద ఔట్‌పాస్ ఇస్తారు." వెంకటేశులు జయంతి వైపు చూసి గొంతు తగ్గించాడు. "కానీ అప్పటి పాస్‌పోర్టు ఫారం మీద నీ వేలిముద్ర కూడా ఉండాది గదమ్మా. కేసైతే నీ మీద కూడా అయితాది."

జయంతి కొంగు చివరి ముడిని వేళ్ళతో నలుపుతూ ఉండిపోయింది. కుళ్లాయప్ప ఒక్కసారిగా ఆమె కాళ్ళ ముందు కూలబడ్డాడు.

"వదినా, ఆయమ్మ నీ చేతి కూడు తినింది. ఒక్క వేలు, వదినా. ఒక్క వేలు వెయ్యి."

"నా పేరు నాకు తిరిగి వస్తాదా సార్?" అని ఆమె వెంకటేశులును అడిగింది.

"వస్తాది."

"ఆ కాగితంలో ఆయప్ప పక్కన దాని పేరు కొట్టేస్తారా?"

"కొట్టేస్తారు."

"అట్లయితే తెండి."

నోటరీ దగ్గర గంట పట్టింది. వెంకటేశులు రిపోర్టు తనే టైపు చేసుకున్నాడు. రెండూ నలభై ఎనిమిదికి ఐఎస్‌డీ బూత్‌లో ఫ్యాక్సు మిషన్ ఐదు కాగితాలూ మింగి, చేరినట్టు చీటీ కక్కింది. కుళ్లాయప్ప ఆ చీటీని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. వెంకటేశులు నా భుజం తట్టాడు. నేను ఆ చేతిని తోసెయ్యలేదు.

కువైట్‌లో భారతి తలదాచుకున్నది రామలక్ష్మమ్మ అనే కడప ఆమె ఇంట్లో. అక్కడి మనవాళ్ళలో దిక్కులేనివాళ్ళకు ఆమె ఇల్లే దిక్కు. భారతిని వెంటనే ఎంబసీకి వెళ్ళి వరుసలో నిలబడమని చెప్పడానికి ఫోన్ కలిపాను. మూడూ రెండు. అక్కడ పన్నెండున్నర.

"ఇంగేం ఔట్‌పాస్ సార్?" అంది రామలక్ష్మమ్మ. "పొద్దున పదిగంటలకే ఆయమ్మ మొగుడు వచ్చి పిల్చుకోని పోయినాడు గదా."

కుళ్లాయప్ప నా ఎదురుగానే ఉన్నాడు.

"ఏ మొగుడమ్మా?"

"జయరాం. ఆయమ్మ జెరాక్సులో మొగుడి పేరు అదే గదా. ఆయప్ప పాస్‌పోర్టు చూపించినాడు. పేరూ పేరూ కలిపి చూసుకోనే పంపించినా సార్. నేనేం తెలివి తక్కువదాన్నా?"

"భారతి ఏమంది?"

"భారతి ఎవరు సార్? ఈడ అందరం జయంతి అనే అంటాం. ఆయప్పను చూస్తానే గోడకు ఆనుకోనింది. నేను పోను, వీడు నా మొగుడు కాదు అని ఒకటే ఏడుపు. మొగుడూ పెళ్ళాం కొట్లాటలో ఎవరన్నా ఆ మాటే అంటారు గదా. నేనే నచ్చజెప్పి, చెయ్యి పట్టి కారెక్కించినా. తప్పు చేసినానా సార్?"

రిసీవరు పెట్టేసి జరిగింది చెప్పాను. దండెం మీద ఖాకీ చొక్కా పొద్దున్నే నాకు ఈ సంగతి చెప్పింది. బోరు పనికి పోయేవాడు బూట్లు ఇంట్లో వదిలిపోడు. వినే ఓపిక నాకు లేకపోయింది. ముంబైలో విమానం ఎక్కబోతూ ఆ ఉత్తరం వేశాడు, తను అక్కడ కుదురుకునేదాకా భారతికి ఔట్‌పాస్ రాకూడదని.

"రెండు నెలల కింద తత్కాల్‌లో పాస్‌పోర్టు తీసుకున్నాడు" అన్నాడు వెంకటేశులు. "తత్కాల్‌లో పాస్‌పోర్టు ముందిచ్చి విచారణ తర్వాత చేస్తారు. ఆ ఫారం నా బల్ల మీదనే ఉండాది. రేపు పోదాంలే అనుకున్నా."

"మా అన్నకు... నా భార్యతో..." అని మొదలుపెట్టి కుళ్లాయప్ప మాట మింగేశాడు. ముగ్గురం ఒకటే అనుకున్నాం. జయంతి మాత్రం నా దగ్గరికి వచ్చింది.

"ఏడ్చిందా సార్? పోనని నిజంగానే ఏడ్చిందా?"

"ఏడ్చిందట."

"అయితే నేను ఐదేండ్లు ఊరికే కాలినానే." ఆమె కొంగుముడి విప్పింది. అందులో నాలుగు మడతలు పెట్టిన చీటీ. "ఆయప్ప కువైట్ పోయింది నాకు తెలుసు సార్. డ్రైవరు వీసా దొరికింది, ఎవరికీ చెప్పొద్దు, ఆర్నెల్లలో నిన్నూ పిల్చుకుంటా అన్నాడు. నేను పోతానే, అది తిరిగొస్తాదే అని సంబరపడి నోరు మూసుకున్నా. ఆయప్ప చేరినానని ఫోన్ చేసిన నంబరు ఇది. ఎస్‌టీడీ అంగడాయన రాసిచ్చినాడు."

చీటీ అందుకోగానే కుళ్లాయప్ప నా చేతిలోంచి లాక్కున్నాడు. చదువు రాకపోయినా అతనికి అంకెలు వచ్చు. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి పెదవులు కదిపాడు, మళ్ళీ మొదటినుంచి కదిపాడు.

"అన్నా, ఈ నంబరు నాకు నోటికొచ్చు. ఐదేండ్లు నేను దీనికే ఫోన్ చేసినా. ఇది భారతి వీపు కాల్చిన ఇంటి నంబరు."